నలభై మూడు డోలక్ దెబ్బలు

నాకు చిన్నప్పటినుంచీ తాళం తప్పితే ఒళ్ళు మండుతుంది. ఇంట్లో ప్రార్థన వేళ ఎవరైనా చరణం చివర సాగదీస్తే, ముందున్న బల్ల మీద వేలితో కొట్టి తొందరపెట్టేవాణ్ణి. అమ్మ కళ్ళు మూసుకునే నా చెవి మెలిపెట్టేది. ఎన్నిసార్లు మెలిపెట్టినా ఆ బుద్ధి పోలేదు. మస్కట్ వచ్చేటప్పుడు దాన్ని కూడా వెంట తెచ్చుకున్నాను.

మస్కట్‌లోనే బౌషర్ ప్రాంతంలో ఒక ఆసుపత్రిలో పరికరాలు బాగుచేయడం నా ఉద్యోగం. సెలైన్ పంపులు, మానిటర్లు, పడక పక్కన కుయ్ కుయ్ మనే ప్రతిదీ నా దగ్గరికే వచ్చేది. పంపు నిమిషానికి ఇన్ని చుక్కలని చెబితే అన్నే పడాలి. ఒక్క చుక్క తేడా వచ్చినా దాన్ని విప్పి కూర్చోవాలి. ఆ పని నా స్వభావానికి సరిగ్గా అతికింది, నా స్వభావాన్ని మరింత పాడుచేసింది.

ఇది రెండువేల పదిహేను ప్రాంతం మాట. ఒమన్‌లో శుక్రవారం సెలవు కాబట్టి మా తెలుగు సంఘం ఆరాధన శుక్రవారమే. చర్చి ఆవరణలో హాళ్ళు కొన్ని, సంఘాలు అనేకం. ఒక్కో భాషవాళ్ళకు ఒక్కో సమయం. మాకు ఇచ్చింది సరిగ్గా రెండు గంటలు. మా తర్వాతి వంతు మలయాళీలది. మా చివరి పాట మూడో చరణంలో ఉండగానే వాళ్ళు పిల్లలతో, బైబిళ్ళతో గుమ్మం దగ్గర నిలబడి మా వంక మర్యాదగా చూస్తుండేవారు. ఆ మర్యాదకు మా సంఘపెద్ద కుంచించుకుపోయేవాడు. మనవాళ్ళు పాట ఎప్పుడూ సమయానికి ముగించరని ప్రతి వారం నొచ్చుకునేవాడు.

ముగించకపోవడానికి కారణం మామ్మ. ఒక నర్సుగారి తల్లి ఆవిడ, కూతురి దగ్గర ఉండటానికి గుంటూరు వైపు నుంచి వచ్చింది. అందరికీ మామ్మే. కీర్తన ఎత్తుకునేది ఆవిడే. గొంతు సన్నమే గానీ అందులో ఒక పట్టు ఉండేది, ఆవిడ ఎత్తుకుంటే నలభై మంది వెంట నడిచేవాళ్ళు. అయితే ప్రతి పాదం చివరా ఆగి, ఊపిరి తీసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని గానీ తర్వాతి పాదంలోకి వచ్చేది కాదు. నాకు పళ్ళు నూరుకోవడమే సరిపోయేది.

ఆవిడ పాటకు డోలక్ వాయించేది మా సంఘంవాడు కాదు, క్రైస్తవుడూ కాదు. జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చి మా వీధి చివర కడుతున్న భవనంలో పనిచేసేవాడు. ఒక శుక్రవారం అటు వెళ్తూ తెలుగు పాట విని గుమ్మంలో ఆగిపోయాడు. మూలన ఉన్న సంఘం డోలక్ చూసి, "నేను కొట్టొచ్చునా సార్?" అని అడిగాడు. ఊళ్ళో భజనల్లో వాయించిన చెయ్యి అది. కూర్చునే ముందు డోలక్‌ను కళ్ళకద్దుకునేవాడు. మొదట్లో ఇద్దరు ముగ్గురు ముఖం ముడుచుకున్నారు. మామ్మ మాత్రం, "పోనివ్వండర్రా, వాడి మొక్కు వాడిది" అంది. ఆ మాటతో అందరూ సర్దుకున్నారు. తర్వాత రెండేళ్ళపాటు అతను ఒక్క శుక్రవారం మానలేదు. ఇస్త్రీ చేసిన చొక్కా అతనికి ఒక్కటే ఉండేది, అది ఆ రోజుకే.

ఒకసారి బస్టాపు దాకా కలిసి నడుస్తుంటే అతనే చెప్పాడు.

"వారమంత ఫోర్మన్ నన్ను నంబరు వెట్టి పిలుస్తడు సార్. శుక్రవారం ఒక్కనాడు మామ్మ తలుపు దిక్కు సూస్తది, పొల్లగాడు ఇంక రాలేదేంది అని. నాకు గది సాలు."

వాళ్ళ కంపెనీకి మస్కట్‌కు దూరంగా ఇబ్రాలో కొత్త సైట్ వచ్చిందనీ, అక్కడికి పంపే మనుషుల లిస్టులో తన పేరు వేయొద్దని ఫోర్మన్‌ను ఇప్పటికే రెండుసార్లు బతిమాలుకున్నాననీ చెప్పాడు. ఇబ్రా నుంచి శుక్రవారం రాలేడు కదా. నేను విని తలూపాను. అంతకుమించి ఆలోచించలేదు.

ఆ రోజుల్లోనే ఇంటర్నెట్‌లో ఒక వీడియో చూశాను. ఒకామె వేదిక మీద ల్యాప్‌టాప్ ముందు నిలబడి ఏదో టైపు చేస్తోంది. ఆమె రాసే అక్షరాలు వెనక తెర మీద అందరికీ కనిపిస్తున్నాయి. ఒక్కో వరుస రాసేసరికి ఒక్కో వాయిద్యం మొదలవుతోంది. మోగుతుండగానే వరుసలో ఒక్క మాట మారిస్తే వాయింపు కూడా మారిపోతోంది. ఆ వీడియో నాలుగుసార్లు చూసి, ఆ ప్రోగ్రాం ఉచితమని తెలుసుకుని, ఆ వారమే నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను.

దాని పద్ధతి నాకు తేలిగ్గానే బోధపడింది, ఎందుకంటే అది మన తాళం ఒక చుట్టు తిరిగే ఆవర్తమే. ఒక ఆవర్తానికి ఎంత సమయమో ముందు చెప్పాలి. తర్వాత వాయిద్యం పేరు రాసి, పక్కన దెబ్బలు వరుసగా రాయాలి. నాలుగు రాస్తే ఆవర్తాన్ని నాలుగు సమభాగాలు చేసుకుంటుంది, ఏడు రాస్తే ఏడు. దెబ్బ వద్దన్న చోట ఒక వంకర గీత పెడితే అక్కడ ఊరుకుంటుంది. మీట నొక్కగానే ఆ వరుస వాయిద్యానికి చేరుతుంది, మనం ఆపమనేదాకా అదే తిరుగుతూ ఉంటుంది. కేబుల్ ఒకటి తగిలిస్తే హాల్లోని కీబోర్డుకు కూడా స్వరాలు పంపొచ్చు.

మా పాటల పుస్తకంలో ప్రతి కీర్తన నెత్తినా రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పుస్తకం ముందు పెట్టుకుని డ్యూటీ నుంచి రాగానే ఒక్కో తాళాన్నీ వరుసలుగా రాయడం మొదలుపెట్టాను. ఆది తాళం పాట తర్వాత త్రిపుట వేస్తే దెబ్బలు ఈడ్చుకుంటూ పడేవి. ఆవర్తం నిడివి అంతే ఉంచి ఎనిమిది ముక్కల బదులు ఏడు చేస్తే ఒక్కో ముక్కా పెద్దదవుతుందని నాకు వెలగడానికి మూడు రోజులు పట్టింది. రొట్టె కోసిన ఎవరికైనా తెలిసే సంగతే ఇది. నా మీద నాకే నవ్వొచ్చింది, అయినా ఆ మూడు రోజులూ ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను.

చిక్కల్లా శబ్దంతో వచ్చింది. ఆ ప్రోగ్రాంలో ఉన్న డ్రమ్ములు వేస్తే కీర్తన కాస్తా పెళ్ళి ఊరేగింపులా తయారైంది. నాకు డోలక్ కావాలి. అందుకని ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక అతన్ని, సంఘం డోలక్‌ను మా ఫ్లాట్‌కు తీసుకొచ్చాను. ఏసీ మోత రికార్డులో పడుతుందని ఆపేశాను. దిండు మీద మైకు పెట్టి, "ఒక్కొక్క దెబ్బే కొట్టు, మధ్యలో ఆగు" అన్నాను.

చెయ్యెత్తాడు, దించేశాడు. మళ్ళీ ఎత్తాడు, దించేశాడు.

"పాట లేకుంట దెబ్బ ఎట్ల కొడ్తరు సార్?"

"ఊరికే కొట్టవయ్యా."

"చెయ్యి లేస్తలేదు సార్. మీరు పాడుండ్రి."

నేను పాడితే నా గొంతు కూడా రికార్డవుతుంది. చివరికి నేను అతని ఎదురుగా కూర్చుని శబ్దం లేకుండా పెదవులు కదిలిస్తూ కీర్తన పాడాను, అతను నా పెదవులు చూస్తూ పాదానికొక దెబ్బ కొట్టాడు. ఇద్దరికీ చెమటలు కారిపోతున్నాయి. మధ్యలో నా వాలకం చూసి అతనికి నవ్వాగలేదు, ఒక పది దెబ్బలు ఆ నవ్వులో పాడయ్యాయి. మిగిలినవాటిలో పనికొచ్చేవి నలభై మూడు. కుడిచేతివి, ఎడమచేతివి, గుమ్మున మోగేవి, చప్పున అణిగేవి.

"ఇవన్ని ఏం జేస్కుంటరు సార్?" అని టీ తాగుతూ అడిగాడు.

"నేర్చుకోవడానికి."

"నేర్సుకునుడైతే నా పక్కకు కూసోండ్రి. చేతులతోనే నేర్పిస్త."

నవ్వి ఊరుకున్నాను. నేర్చుకోవడానికని చెప్పినప్పుడు అబద్ధమాడుతున్నానని నాకు తెలియదు. పక్కన కూర్చునే ఓపిక మాత్రం నాకు లేదు, అది తెలుసు.

తర్వాత రెండు శుక్రవారాలు అతనికి స్లాబ్ డ్యూటీ పడింది. డోలక్‌కు మనిషి లేడని సంఘపెద్ద కంగారుపడితే, నేను ల్యాప్‌టాప్ తెచ్చి స్పీకర్లకు తగిలించాను. పాటలు గడియారంలా నడిచాయి. మలయాళీలు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మేం చెప్పులు కూడా వేసుకున్నాం. సంఘపెద్ద నా రెండు చేతులూ పట్టుకుని, "దేవుడే మిమ్మల్ని పంపాడు బ్రదర్" అన్నాడు. నేను ఉబ్బిపోయాను.

మూడో వారం అతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని నేరుగా డోలక్ దగ్గరికి వెళ్తుంటే సంఘపెద్ద నా వైపు తిరిగి, "ఈ రోజు కూడా మీదే పెట్టండి బ్రదర్, మనకి టైమ్ కలిసొస్తోంది" అన్నాడు. నేను వద్దనొచ్చు. ఒక్క మాట చాలు. కానీ ఆ వారమంతా కూర్చుని మూడు కొత్త వరుసలు రాశాను, అవి నలుగురికీ వినిపించాలని నా మనసు ఉరకలేస్తోంది. అతని దగ్గరికి వెళ్ళి, "ఈ ఒక్క వారం విను. అది నీ చెయ్యే" అన్నాను, ఏదో బహుమతి ఇస్తున్నవాడిలా.

అతను వెనక వరుసలో కూర్చున్నాడు. మొదటి కీర్తన మొదలైంది. స్పీకర్లలోంచి తన దెబ్బలు వస్తుంటే ఒకసారి తన అరచేతుల వైపు చూసుకున్నాడు. ముచ్చటపడుతున్నాడనుకున్నాను. బయటికి వచ్చాక, "మంచిగున్నది సార్" అన్నాడు. మరుసటి శుక్రవారం కూడా వచ్చి అక్కడే కూర్చున్నాడు. ఆ తర్వాత రావడం మానేశాడు. డ్యూటీ పడి ఉంటుందిలే అనుకున్నాను. అలా అనుకుంటే ఫోన్ చేయక్కర్లేదు.

మామ్మ మొదటి వారమే నాతో అంది, "ఏం నాయనా, వెనకాల ఎవరో తరుముతున్నట్టుంది." పుస్తకంలో తాళం అలాగే ఉంది మామ్మా అని చెప్పాను. అరవై ఏళ్ళుగా ఆ కీర్తనలు పాడుతున్న మనిషికి నేను పుస్తకం చూపించాను. ఇప్పుడు తలచుకుంటే నన్ను నేనే చెవి పట్టుకుని బయటికి ఈడ్చాలనిపిస్తుంది.

అలా రెండు నెలలు గడిచాయి. వరుస ఒకసారి పంపితే అది దానంతటదే తిరుగుతుంది కాబట్టి నేను ల్యాప్‌టాప్ ముందే ఉండనక్కర్లేదు. ఒక శుక్రవారం స్పీకర్ శబ్దం ఎలా ఉందో చూద్దామని పాట మధ్యలో లేచి హాల్లో తిరిగాను. అప్పుడు కనబడింది మామ్మ. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని, పెదవులు బిగించి కూర్చుంది. అందరూ పాడుతున్నారు, ఆవిడ పాడటం లేదు. ఎన్ని వారాలుగా ఇలా ఉందో నాకు తెలియదు. ఆరాధన అయ్యాక పక్కన కూర్చుని, ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"బాగానే ఉన్నాను. పాడదామనే మొదలెడతాను నాయనా. నేను ఊపిరి తీసుకునేలోగా పాట వెళ్ళిపోతోంది. ఆ అబ్బాయైతే ఆగేవాడు. ఏడీ, రావట్లేదేం?" అంది.

ఆ రెండు నెలల్లో అతని గురించి అడిగిన మొదటి మనిషి ఆవిడే.

ఇంటికి వెళ్ళి, అతను వాయించిన రోజుల్లో ఫోన్‌లో తీసుకున్న పాత రికార్డింగులు పెట్టుకుని విన్నాను. మామ్మ పాదం ముగించి ఆగిన ప్రతిచోటా అతను ఎడమచేత్తో రెండు దెబ్బలు అదనంగా వేశాడు, ఆవిడ ఊపిరి అందుకునేదాకా. ఒక్కోసారి మూడు. దగ్గొస్తే నాలుగు. ఇన్నాళ్ళూ నా ఒళ్ళు మండించింది ఆ దెబ్బలే. అవి తప్పులనుకున్నాను. వాటిని వరుసలో రాయబోయాను. ఎన్ని రాయాలి? ఏ వారం ఆవిడకు ఊపిరి ఎక్కడ అందదో ముందుగా ఎవరికి తెలుసు? కీబోర్డు మీద చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ పూట ఒక్క అక్షరం రాయలేదు.

మర్నాడు ఫోన్ చేస్తే ఇబ్రాలో ఉన్నానన్నాడు. వచ్చి ఆరు వారాలైందట. శుక్రవారం కూడా మధ్యాహ్నం దాకా డ్యూటీయేనట. సంఘపెద్ద దగ్గరికి వెళ్ళి డోలక్ అడిగాను. "ఎలాగూ మూలనే ఉంటోంది, తీసుకెళ్ళండి బ్రదర్" అన్నాడు. వచ్చే శుక్రవారం ల్యాప్‌టాప్ పెట్టలేనని కూడా చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. ఆ శుక్రవారం ఆరాధన మానేసి, డోలక్‌ను కారు ముందు సీట్లో పెట్టి బెల్టు కట్టి, కొండల మధ్య దారిన ఇబ్రాకు బయలుదేరాను. ల్యాప్‌టాప్ సంచి అలవాటుగా వెనక సీట్లో ఉంది.

వాళ్ళుండే చోటు టైర్ల దుకాణాల వెనక ఉంది. ఒక్కో గదిలో ఆరుగురు. డ్యూటీ ముగించుకుని అందరూ స్నానాలు చేశారు, ఒకతను ఉల్లిపాయలు వేయిస్తున్నాడు. మా డోలక్ మనిషి నన్ను చూసి, మా సంఘంలో నేర్చుకున్న పద్ధతిలో "వందనాలు సార్" అన్నాడు. కోపం ఉంటుందేమోనని దారి పొడవునా మాటలు కూడగట్టుకుని వెళ్ళాను. అతనికి కోపమేమీ లేదు. అదే నాకు కష్టమైంది.

"లిస్టులో పేరు వేయొద్దని అడిగానన్నావు కదా?" అన్నాను.

"అడిగిన సార్. రెండుసార్ల కాలు మొక్కినంత పనైంది. మూడోసారి లిస్టు రాస్తుంటే నేనే పేరు జెప్పిన."

"ఎందుకు?"

"ఆడ నా పని నేను లేకున్న నడుస్తున్నది గద సార్."

నిష్ఠూరంగా అనలేదు, ఉన్న మాట చెప్పినట్టు చెప్పాడు. తప్పు నాది, అతని చోటు నేనే లాగేసుకున్నాను, క్షమించమని అడిగాను. గదిలో మిగిలినవాళ్ళు మాటలాపి నా వైపు చూశారు. అతను సిగ్గుపడి, "గంత మాటెందుకు సార్" అంటూ నా చేతుల్లోంచి డోలక్ అందుకున్నాడు. తిరిగి రావడానికి వీలవుతుందేమో కనుక్కోమన్నాను. ఇక్కడి పని ముగిసేదాకా మార్చరనీ, ముగిసేసరికి తన వీసా కూడా ముగుస్తుందనీ చెప్పాడు. అంటే అయిపోయినట్టే. నేను చెడగొట్టింది నేను బాగుచేయగలిగేది కాదు.

డోలక్ కళ్ళకద్దుకుని తాళ్ళు బిగించాడు. ఉల్లిపాయలు వేయిస్తున్నతను గరిటె పట్టుకునే ఏదో పొలం పాట ఎత్తుకున్నాడు. ఇతని చేతులు లేచాయి. అలా వాయించడం నేనెన్నడూ వినలేదు. రెండేళ్ళు మా మధ్య కూర్చుని, మా కీర్తనలకు ఎంత కావాలో అంతే తీసి ఇచ్చాడని అప్పుడు తెలిసింది. పాడేవాడు కూరలో నీళ్ళు పోయడానికి ఆగితే ఇతనూ అవే దెబ్బల మీద తిరుగుతూ ఉన్నాడు, మూత పెట్టి మళ్ళీ పాడేదాకా. గది గదంతా నవ్వుతూ చప్పట్లు కొడుతోంది. నేనూ కొట్టాను, రెండుసార్లు తప్పాను.

పాట అయ్యాక చెమట తుడుచుకుంటూ నా వైపు వంగి, పరాచికంగా అడిగాడు.

"సార్, ఆడ హాల్ల నేను మంచిగనే కొడ్తున్ననా?"

అవునని చెప్పి నవ్వేయొచ్చు. అతను కోరిందీ అదే.

"లేదు. మామ్మ పాడటం మానేసింది" అన్నాను. "నీ దెబ్బ ఆవిడ కోసం ఆగట్లేదు."

అతని ముఖంలో నవ్వు పోయింది. డోలక్ మీద చేతులు అలాగే ఉన్నాయి.

"నేను కొడ్తుంటె మామ్మ పాడ్తలేదా?" అన్నాడు. ఆ తప్పు నిజంగా తనే చేసినట్టు తలదించుకున్నాడు. తర్వాత తలెత్తి, "నన్ను అండ్లకెల్లి తీసెయ్యుండ్రి సార్" అన్నాడు.

కారులోంచి ల్యాప్‌టాప్ తెచ్చి అతని పక్కన నేల మీద కూర్చున్నాను. ఫోల్డర్ తెరిచి నలభై మూడూ అతని ఎదుటే తీసేశాను. ఇంకెక్కడైనా ఉన్నాయా అని అడిగాడు. ఇంట్లో ఒక కాపీ ఉందనీ, వెళ్ళగానే అదీ తీసేస్తాననీ చెప్పాను. "మర్సిపోకుండ్రి" అన్నాడు. ఇంతలో కూర దించారు. నాకూ ఒక కంచం పెట్టారు.